కీమో తర్వాత తెల్లగా మొలిచిన జుట్టుకు రంగు: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో క్యాన్సర్ రోగులకు కీమో ఇచ్చే వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. చివరి సెలైన్ తీసి ఇంటికి పంపిన తర్వాత కూడా ఫోన్లు వస్తూనే ఉంటాయి. నీరసం గురించి అడుగుతారు, కాళ్ల తిమ్మిర్ల గురించి అడుగుతారు, ఫోను పెట్టేసే ముందు గొంతు తగ్గించి "జుట్టంతా తెల్లగా వస్తోంది సిస్టర్, రంగు వేసుకోవచ్చా?" అంటారు. డాక్టరును అడగడానికి మొహమాటం. ప్రాణం దక్కింది చాలక సోకులు కూడానా అనుకుంటారేమోనని భయం. ఎవరూ అలా అనుకోరు. అనుకుంటే తప్పు వారిదే.

కడప నుంచి తిరుపతికి, అనంతపురం నుంచి బెంగళూరుకు, ఆదోని, నంద్యాలల నుంచి కర్నూలుకో హైదరాబాదుకో వెళ్లి చికిత్స చేయించుకున్నవారికి మళ్లీ డాక్టరు కనిపించేది కొన్ని నెలల తర్వాతే. ఈలోపు సలహాలిచ్చేది పక్కింటివారూ కిరాణా కొట్టువారూ. అందుకే పదేపదే వినే ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. మీ జబ్బూ మీ మందులూ తెలిసిన డాక్టరు దీనికి భిన్నంగా చెబితే ఆ మాటే వినండి.

## జుట్టు మొలకెత్తే రోజులు

కీమో అయిపోయింది. జుట్టు ఎప్పుడు మొలుస్తుంది?

చివరి డోసు తర్వాత మూడు నుంచి ఆరు వారాల్లో చాలామందికి మెత్తని నూగు కనిపిస్తుంది. అది అసలు జుట్టు కాదు, దాని ముందు వచ్చే పలచని వెంట్రుక. ఆ తర్వాత మామూలు జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. కొన్ని మందులు నడుస్తుండగానే మొలవడం మొదలైనవారూ ఉన్నారు. ఆరు నెలలు దాటినా మాడు బోసిగానే ఉంటే డాక్టరుకు చెప్పండి. డోసిటాక్సెల్ వంటి మందులతో జుట్టు పూర్తిగా తిరిగి రాకపోవడం అరుదుగా జరుగుతుంది. థైరాయిడ్ సమస్య, రక్తహీనత కూడా కారణం కావచ్చు.

ఇంతకుముందు నల్లగా ఉండేది. ఇప్పుడు తెల్లగా ఎందుకు వస్తోంది?

కీమో మందులు వేగంగా విభజన చెందే కణాల మీద పడతాయి. జుట్టు కుదుళ్లలోని కణాలు శరీరంలో అతివేగంగా పెరిగేవాటిలో ఉన్నాయి, అందుకే జుట్టు రాలుతుంది. జుట్టును తయారుచేసే కణాలు వేరు, దానికి మెలనిన్ అనే రంగును అందించే కణాలు వేరు. మొదటివి ముందుగా కోలుకుంటాయి, రెండోవాటికి కొంత ఆలస్యమవుతుంది. మగ్గం నడుస్తోంది కానీ నూలుకు రంగు అద్దేవాడు ఇంకా పనిలోకి రాలేదు. అందుకే కొన్నాళ్లు తెల్ల నూలే నేస్తోంది.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని చెబితే కొందరు నవ్వుతారు, కొందరు చిన్నబుచ్చుకుంటారు. పదేళ్లుగా నెల తప్పకుండా రంగు వేస్తున్నవారికి తమ జుట్టు అసలు ఎంత నెరిసిందో తెలియదు. కీమోతో రంగు వేసిన జుట్టంతా ఒకేసారి పోయి, అసలు జుట్టు ఒకేసారి బయటపడుతుంది. అది కీమో చేసిన తెలుపు కాదు, వయసు ఎప్పుడో చేసి పెట్టిన తెలుపు.

ఈ తెలుపు ఇక శాశ్వతమేనా?

కాకపోవచ్చు. చికిత్సకు ముందు నల్లని జుట్టు ఉన్నవారిలో చాలామందికి ఆరు నెలలకో ఏడాదికో కుదురు దగ్గర మళ్లీ నలుపు కనిపిస్తుంది. వెలుతురులో అద్దం ముందు నిలబడి ఒక పాయ విడదీసి చూడండి. చివర తెల్లగా, మాడు దగ్గర నల్లగా ఉంటే రంగు కణాలు పనిలో పడ్డట్టే. ముందే బాగా నెరిసి ఉన్నవారికి ఈ మార్పు వచ్చే అవకాశం తక్కువ. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే పరీక్ష ఏదీ లేదు. తొందరపడి రంగు వేయవద్దని నేను చెప్పే కారణాల్లో ఇదొకటి: రంగు వేసేస్తే నలుపు తిరిగి వస్తున్న సంగతి మీకే తెలియదు.

నా జుట్టు ఎప్పుడూ ఉంగరాలు తిరగలేదు. ఇప్పుడు గొర్రె బొచ్చులా ఉంది. ఇదేమిటి?

కీమో తర్వాత వచ్చే మొదటి జుట్టు ఉంగరాలు తిరగడం మామూలే. కుదురు ఇంకా పూర్తిగా కోలుకోలేదు కాబట్టి వెంట్రుక సమంగా పెరగదు. చాలామందికి ఏడాదిలో సర్దుకుంటుంది. దాన్ని సాపు చేయడానికి వేడి ఇస్త్రీ పరికరాలు వాడకండి.

మళ్లీ గుండు చేయిస్తే నల్లగా, ఒత్తుగా వస్తుందంటున్నారు. చేయించమంటారా?

గుండుతో రంగు మారదు, ఒత్తు పెరగదు. కత్తి తాకేది చర్మం పైనున్న వెంట్రుకను, రంగు నిర్ణయమయ్యేది చర్మం లోపల. గీసిన వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా తగిలి ఒత్తుగా ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే.

తిరుమల మొక్కు ఉంటే అది వేరే సంగతి, నేను అడ్డుచెప్పను. మన సీమలో గుండుతో కనిపించినవారిని "తిరుపతి వెళ్లొచ్చారా?" అని అడిగి వదిలేస్తారు. ఆ ఒక్క ప్రశ్న చాటున చాలామంది తమ జబ్బును గుట్టుగా దాటేశారు. కానీ ప్లేట్‌లెట్లు, తెల్లరక్తకణాలు మామూలు స్థాయికి వచ్చాయో లేదో రక్తపరీక్షలో చూసుకుని, కొత్త బ్లేడుతోనే చేయించుకోండి. చిన్న గాటు కూడా ఆ రోజుల్లో చీము పట్టవచ్చు.

మాది అనంతపురం. బోరు నీళ్లకే జుట్టు తెల్లబడుతోందా?

లేదు. ఉప్పు నీళ్లు, సున్నం ఎక్కువున్న నీళ్లు వెంట్రుక మీద పొరలా పేరుకుని దాన్ని గరుకుగా, నిర్జీవంగా చేస్తాయి. కుదురు లోపల రంగును అవి తీసేయలేవు. తలస్నానం చివర ఒక చెంబు మంచినీళ్లు పోసుకుంటే ఆ గరుకుదనం తగ్గుతుంది. రంగు వేసుకున్నవారికి అది కొంచెం ఎక్కువ రోజులు నిలుస్తుంది కూడా.

గుంటగలగరాకు నూనె, కరివేపాకు, బయోటిన్ మాత్రలు వాడితే నల్లబడతుందా?

నెరిసిన జుట్టును ఇవి నల్లబరుస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. నూనె మాడును మెత్తగా ఉంచుతుంది, ఆ మేలు కోసం రాసుకోండి. ఎదిగే జుట్టు తానుగా నల్లబడితే ఆ ఘనత నూనె ఖాతాలో పడుతుంది, పడనివ్వండి.

బయోటిన్ విషయంలో మాత్రం జాగ్రత్త. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుంది, థైరాయిడ్ పరీక్ష వాటిలో ఒకటి. మీరు వేసుకుంటున్నట్టు రక్తం ఇచ్చే ముందే చెప్పండి.

## వేయాలా, ఎప్పుడు వేయాలి

ఎన్ని నెలలు ఆగాలి?

ఎక్కువ మంది వైద్యులు చెప్పే మాట, శాశ్వత రంగుకు చివరి కీమో నుంచి ఆరు నెలలు. నేను క్యాలెండరు కంటే మాడును ఎక్కువ నమ్ముతాను. జుట్టు కనీసం ఒక అంగుళం పెరిగిందా? మాడు మీద పొక్కులు, ఎరుపు, పొట్టు, నొప్పి లేవా? తల దువ్వుకుంటే మంట లేదా? రక్తపరీక్ష మామూలుగా ఉందా? ఈ నాలుగూ సరిగ్గా ఉంటేనే. ఆరు నెలలు నిండినా మాడు ఇంకా సలుపుతుంటే ఆగండి. కొత్త జుట్టు సన్నగా, సులువుగా తెగేదిగా ఉంటుంది. కీమోతో పలచబడిన మాడు చర్మం రసాయనాలను ముందులా తట్టుకోదు.

వచ్చే నెల మా అమ్మాయి పెళ్లి. అంతవరకు ఆగలేను. ఏం చేయాలి?

శాశ్వత రంగు వద్దు, ఆ రోజుకు పనికొచ్చే పైపూత వాడండి. జుట్టు మీద పౌడరులా అద్దేవి, మస్కారాలా బ్రష్‌తో రాసేవి, స్ప్రేలు దొరుకుతాయి. తలస్నానంతో పోతాయి, వెంట్రుక లోపలికి వెళ్లవు. ముందుగా మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు చూసుకోండి. పెళ్లి పందిట్లో చెమట పడుతుంది కాబట్టి ముదురు రంగు జాకెట్టు మేలు, జేబురుమాలు నల్లదైతే ఇంకా మేలు.

విగ్గు పెట్టుకోవడంలోనూ తప్పేమీ లేదు. తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలాలు వేలంలో అమ్ముడై దేశదేశాల్లో విగ్గులుగా మారుతున్నాయి. మన జుట్టే మనం పెట్టుకుంటే నామోషీ ఎందుకు? మండు వేసవి ముహూర్తమైతే మాత్రం విగ్గు కింద పలచని నూలు టోపీ వేసుకోండి, మధ్యమధ్య గదిలోకి వెళ్లి తీసి తల ఆరనివ్వండి.

రంగు వేస్తే జబ్బు తిరగబెడుతుందా? భయంగా ఉంది.

అందరూ అడగాలనుకునే ప్రశ్న ఇదే, అడిగేది కొందరే. జుట్టు రంగు వల్ల నయమైన క్యాన్సర్ తిరగబెడుతుందని తేలలేదు.

రంగు వేసుకోవడం వల్ల క్యాన్సర్ కొత్తగా వస్తుందా అనే దాని మీద మాత్రం పరిశోధనలు చాలా జరిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, క్షౌరశాలల్లో ఏళ్ల తరబడి వృత్తిగా రసాయనాలతో పనిచేసేవారి విషయంలో "బహుశా ప్రమాదం" అంది. సొంత తలకు వేసుకునేవారి విషయంలో ఏదీ తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలవంది. 2019లో అమెరికాలో 46 వేల మందికి పైగా మహిళల వివరాలతో వచ్చిన అధ్యయనంలో శాశ్వత రంగు వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ 9 శాతం ఎక్కువగా కనిపించింది. వారంతా సోదరికి రొమ్ము క్యాన్సర్ వచ్చిన మహిళలు. మరుసటి ఏడాది, లక్షా 17 వేల మంది నర్సులను 36 ఏళ్లు గమనించిన మరో అమెరికా అధ్యయనంలో చాలా రకాల క్యాన్సర్లకు ముప్పు పెరగలేదు, కొన్ని రకాలకు మాత్రం స్వల్పంగా పెరిగింది.

ఇవన్నీ చదివాక నాకు తోచింది ఇది: భయంతో వణకాల్సినంత లేదు, నెల నెలా నలుపు పట్టించాల్సినంత నిశ్చింతా లేదు. తక్కువ సార్లు వేయండి, మాడుకు తగలకుండా వేయండి. రొమ్ము క్యాన్సరుకు చికిత్స పొందినవారు మీ డాక్టరును ఒక్క మాట అడగండి. అడగడానికి సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు.

కీమో అయిపోయింది కానీ మాత్రలు, ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. వేసుకోవచ్చా?

మందును బట్టి. టామోక్సిఫెన్, లెట్రోజోల్ వంటి హార్మోను మాత్రలు ఏళ్ల తరబడి వాడాల్సినవి, అవి అయ్యేదాకా ఆగమంటే ఎవరూ ఆగలేరు. రంగు వేయకూడదని వాటికి నియమం లేదు. అయితే జుట్టు పలచబడడం వాటితో జరుగుతుంది, అందుకే ఘాటైన రంగు వద్దు. మూడు వారాలకోసారి ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షను తీసుకునేవారికీ జుట్టు మొలుస్తుంది. కేపసిటబిన్ మాత్రలు వాడేవారి చర్మం ఎండకూ రసాయనాలకూ త్వరగా కందుతుంది, ఆ కోర్సు అయ్యాకే ఆలోచించండి.

తలకు కరెంటు పెట్టారు. అక్కడ మొలిచిన జుట్టుకు రంగు వేయవచ్చా?

తలకు రేడియేషన్ పడినచోట చర్మం చాలాకాలం సున్నితంగా ఉంటుంది, మోతాదును బట్టి జుట్టు కొంత మేరే రావచ్చు, రాకపోనూ వచ్చు. అక్కడ రసాయన రంగు రేడియేషన్ డాక్టరు చూసి సరే అన్నాకే. రొమ్ముకో గర్భసంచికో కరెంటు పెట్టించుకున్నవారికి తల మీద దాని ప్రభావం ఉండదు.

మనవరాలు "జేజీ, నీకు ముసలి జుట్టు వచ్చింది" అంటోంది. ఇంట్లో అందరూ రంగు వేసుకోమంటున్నారు. నాకు ఇష్టం లేదు.

వేసుకోకండి. పిల్లలకు వారంలో అలవాటవుతుంది, పెద్దలకు కాస్త ఎక్కువ పడుతుంది. రంగు వేస్తే జబ్బు జరగనట్టు ఉంటుందని ఇంట్లోవారి ఆశ కావచ్చు. ఆ ఆశ వారిది, తల మాత్రం మీదే. ఇష్టమై వేసుకునేవారినీ నేను ఇదే నోటితో సమర్థిస్తాను: అద్దంలో కనిపించేది తానేనని అనిపించడం కోలుకోవడంలో భాగమే.

## ఏ రంగు మంచిది

అమ్మోనియా లేదని రాసి ఉంది. అంటే ప్రమాదం లేనట్టేనా?

వాసన తక్కువ ఉంటుంది, కీమో తర్వాత ఘాటు వాసనకే వాంతి వచ్చేవారికి అది పెద్ద మేలే. కానీ అమ్మోనియా బదులు అదే పని చేసే మరో రసాయనం అందులో ఉంటుంది. అలర్జీలకు అసలు కారణం ఎక్కువగా అమ్మోనియా కాదు, పారా ఫినిలీన్ డయమీన్. దాన్ని పొట్టిగా పీపీడీ అంటారు. నల్లని, ముదురు గోధుమ రంగుల్లో అది ఎక్కువ. అట్టపెట్టె వెనుక సన్నటి అక్షరాల్లో ఉంటుంది. మీకు కనపడకపోతే పిల్లలతో ఫోనులో ఫొటో తీయించి పెద్దది చేసి చదివించండి.

గోరింటాకు సహజమే కదా, జుట్టు రాగానే పెట్టుకోవచ్చా?

చెట్టు నుంచి కోసి రుబ్బిన అచ్చమైన గోరింటాకు రసాయన రంగు కంటే మేలు. అంగుళం జుట్టు వచ్చి మాడు శుభ్రంగా ఉంటే రెండు మూడు నెలలకే కొందరు డాక్టర్లు ఒప్పుకుంటారు. తెల్ల జుట్టు మీద అది నారింజ ఎరుపుగా పండుతుంది, నల్లగా కాదు. పలచని కొత్త జుట్టు మీద ఇంకా మండుతున్నట్టు కనిపిస్తుంది. ఆ రంగు నచ్చేవారూ ఉన్నారు.

టీ డికాక్షన్ కలపండి, నిమ్మరసం పిండకండి, సున్నితమైన మాడు మండిపోతుంది. గంటల తరబడి తడి ముద్ద తల మీద ఉంచుకుని జలుబు తెచ్చుకోకండి. జీ6పీడీ లోపం (ఎర్రరక్తకణాలను కాపాడే ఎంజైము తక్కువగా ఉండడం) ఉందని మీకు ముందే చెప్పి ఉంటే గోరింటాకు పెట్టే ముందు డాక్టరును అడగండి.

నల్ల మెహందీ ప్యాకెట్లు, నల్ల హెన్నా పొడి వాడవచ్చా?

వాడకండి. గోరింటాకు తానుగా నల్ల రంగు ఇవ్వదు. పావుగంటలో నల్లగా పండే పొడిలో పీపీడీ కలిపి ఉంటుంది, ప్యాకెట్టు మీద ఆకు బొమ్మ ఎంత పచ్చగా ఉన్నా సరే. రంజాన్, పెళ్లిళ్ల సీజన్లలో కడప, కర్నూలు బజార్లలో అమ్మే నల్ల కోన్లకూ ఇదే మాట. కొన్ని పొడుల్లో లోహ లవణాలూ ఉంటాయి. వాటి మీద తర్వాత పార్లర్‌లో పెరాక్సైడ్ రంగు వేస్తే వేడి పుట్టి జుట్టు పాడవుతుంది.

రసాయనం లేకుండా నలుపు రావాలంటే దారి లేదా?

ఉంది, ఓపిక కావాలి. నీలి ఆకు పొడి. మందుల దుకాణాల్లోనూ ఆయుర్వేద దుకాణాల్లోనూ దొరుకుతుంది. ఇది మన నేలకు కొత్త కాదు, 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీలో నీలిమందు పండించిన ముఖ్యమైన జిల్లాల్లో కడప ఒకటి.

ముందు అచ్చమైన గోరింటాకు పెట్టి, పండాక కడిగి ఆరబెట్టాలి. తర్వాత నీలి ఆకు పొడిని గోరువెచ్చని నీళ్లలో కలిపి, పది పదిహేను నిమిషాలు ఆగి వెంటనే రాయాలి. ఆలస్యమైతే పట్టదు. గంట, గంటన్నర ఉంచి ఉత్త నీళ్లతో కడగాలి. రెండు రోజులు షాంపూ వద్దు. కడిగిన రోజు ఆకుపచ్చ ఛాయ కనిపించి గాబరాపడతారు, గాలి తగిలి మర్నాటికి నలుపు తిరుగుతుంది. ఒక్క నీలి ఆకునే నేరుగా తెల్ల జుట్టు మీద పెడితే నీలిరంగు ఛాయ వస్తుంది. ఆకు పొడి కూడా కొందరికి పడదు, చెవి వెనుక రాసి చూసే అలర్జీ పరీక్ష తప్పదు.

ఉసిరి పొడిని ఇనుప మూకుడులో రాత్రంతా నానబెట్టి గోరింటాకులో కలిపే పాత పద్ధతీ ఉంది. ఇనుము, ఉసిరిలోని వగరు కలిసి ముద్దను ముదురు చేస్తాయి. నలుపు రాదు, నారింజ ఘాటు తగ్గుతుంది.

ఇరవై ముప్పై రూపాయల ప్యాకెట్టు రంగే ఎన్నో ఏళ్లు వాడాను. ఏమీ కాలేదు. ఇప్పుడెందుకు మానాలి?

ఏమీ కానిది కీమోకు ముందు. పీపీడీ అలర్జీ ఎన్నేళ్లు వాడాకైనా మొదలుకావచ్చు, ఇప్పటి మాడు అప్పటి మాడు కాదు. ఎన్టీఆర్ వైద్య సేవలో కీమో ఖర్చు గడుస్తుంది కానీ జుట్టు రంగు ఖర్చు మీదే, చవకది కావాలనుకోవడం తప్పు కాదు. తప్పనిసరైతే అదే ప్యాకెట్టును పరీక్ష చేసుకుని, మాడుకు తగలకుండా వేసుకోండి. అచ్చమైన గోరింటాకు దానికన్నా చవక.

కారు నలుపు వేయాలా, గోధుమ రంగా?

ముదురు గోధుమ రంగు. కీమో తర్వాత ముఖం కొంచెం పాలిపోయి ఉంటుంది, కారు నలుపు ఆ పాలిపోవడాన్ని ఎత్తి చూపిస్తుంది. మొదళ్లలో తెలుపు తేలినప్పుడు గోధుమ రంగు పక్కన అంతగా కొట్టొచ్చినట్టు కనిపించదు. కొత్త జుట్టు రంగును ఎక్కువ పీల్చుకుంటుంది, మీరు అనుకున్నదానికంటే ఒక ఛాయ ముదురే వస్తుంది. మతపరంగా నలుపు వేసుకోని ముస్లిం కుటుంబాలవారికి ఎలాగూ గోధుమో గోరింటో అలవాటే.

## వేసుకునే రోజు

అలర్జీ పరీక్ష ఎలా చేసుకోవాలి?

రంగు వేసుకునే రోజుకు కనీసం 48 గంటల ముందు చేయాలి. ప్యాకెట్టు మీద చెప్పినట్టు కొద్దిగా కలిపి, చెవి వెనుకో మోచేతి మడతలోనో శనగగింజంత రాసి ఆరనివ్వండి. రెండు రోజులు గమనించండి. ఎరుపు, దురద, పొక్కు, వాపు ఏది వచ్చినా ఆ రంగు మీకు వద్దు. రొమ్ము ఆపరేషనులో చంక గడ్డలు తీసినవారు ఆ వైపు చేతి మీద పరీక్ష చేయకండి, ఆ చేతికి వాపు వచ్చే గుణం ఉంటుంది. చికిత్సకు ముందు వాడిన రంగే అయినా పరీక్ష మళ్లీ చేయాల్సిందే, కొత్త ప్యాకెట్టు కొన్నప్పుడల్లా కూడా.

పార్లర్‌లో మంచిదా, ఇంట్లోనా?

కీమో తర్వాత మొదటిసారి ఎవరైనా చేతి సాయం ఉన్నచోట మంచిది. రొమ్ము ఆపరేషను అయినవారికి చెయ్యి పైకెత్తి వెనుక భాగానికి రంగు రాయడం కష్టం. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు తీసుకున్నవారికి వేళ్లు తిమ్మిరిగా ఉండి, రంగు మాడు మీదికి కారినా నీళ్లు మరీ వేడిగా ఉన్నా తెలియదు. ఇంట్లో కూతురో కోడలో వదినో వేస్తే సరిపోతుంది.

పార్లర్‌కు వెళితే కీమో అయిందని దాచకండి. చెప్పాల్సినవి నాలుగు మాటలు: డెవలపర్ (రంగులో కలిపే పెరాక్సైడ్ ద్రవం) ఘాటు 20 వాల్యూమ్ మించకూడదు, బ్లీచ్ వద్దు, వేడి టోపీ పెట్టవద్దు, మాడుకు కొంచెం ఎడంగా రాయాలి. రద్దీ లేని ఉదయం పూట వెళ్లండి. దువ్వెన, తువ్వాలు ఇంటి నుంచి తీసుకువెళ్లండి. నామోషీ అనుకోవద్దు, శుభ్రత అనుకోండి.

ఎంతసేపు ఉంచాలి?

ప్యాకెట్టు మీద రాసిన సమయం కంటే ఒక్క నిమిషం కూడా ఎక్కువ కాదు. ముందు మెడ వెనుక కొన్ని వెంట్రుకలకు రాసి ఎంతసేపట్లో పడుతుందో చూస్తే తల మొత్తానికి లెక్క తెలుస్తుంది. సన్నని కొత్త జుట్టుకు చాలాసార్లు తక్కువ సమయమే సరిపోతుంది. నుదురు, చెవుల అంచున కొబ్బరి నూనె రాసుకోండి, కిటికీ తెరిచి ఉంచండి.

కనుబొమలకు, కనురెప్పలకు?

జుట్టు రంగు కళ్ల దగ్గరికి రానివ్వకండి, చూపు పోయే ప్రమాదం ఉంది. కనుబొమలకు పెన్సిల్ చాలు.

నేను మగవాణ్ణి. మీసం, గడ్డం కూడా తెల్లగా వస్తున్నాయి. వాటికి?

మీసం రంగు ముక్కు కింద, నోటి పైన ఉంటుంది కాబట్టి ముఖ చర్మం ముందుగా కందుతుంది. పెదవులు వాచి వచ్చిన మగవారిని చూశాను. మీసానికి, గడ్డానికి విడిగా అమ్మే రంగు వాడి, తక్కువసేపు ఉంచి, తడి గుడ్డతో బాగా తుడవండి. నోటిపూత ఇంకా మానకపోతే అసలే వద్దు. నంద్యాల నుంచి వచ్చే ఒక పెద్దాయన మీసం మానేసి గడ్డం పెంచారు, తెల్లగానే. బాగుంది.

## వేసుకున్న తర్వాత

రంగు వేసిన రాత్రి నుంచి దురద, కళ్లు వాచాయి. ఏం చేయాలి?

వెంటనే గోరువెచ్చని నీళ్లతో, పలచని షాంపూతో చాలాసేపు కడగండి. కొబ్బరి నూనె, పసుపు, వేపాకు ముద్ద ఏదీ పూయకండి. వాపు రెప్పలకూ ముఖానికీ పాకితే, మాడు నుంచి రసి కారితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఊపిరి ఆడకపోయినా, గొంతు బిగిసినట్టున్నా, నాలుక వాచినా 108కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు రంగు ప్యాకెట్టు వెంట తీసుకువెళ్లండి. ఒకసారి ఇలా అయిన రంగును ఇక ఎప్పటికీ వాడకూడదు, పీపీడీ ఉన్న వేరే కంపెనీ రంగునూ అంతే.

పది రోజులకే వెలిసిపోతోంది. మళ్లీ వేయవచ్చా?

కొత్త జుట్టు రంగును త్వరగా పీల్చుకుని త్వరగానే వదిలేస్తుంది. వెంటనే మళ్లీ తల మొత్తం వేయకండి. తలస్నానం వారానికి రెండుసార్లకు తగ్గించి, మరీ వేడి నీళ్లు మాని, ఎండలో నూలు గుడ్డ కప్పుకోండి. మన వేసవి ఎండకు ఏ కంపెనీ రంగైనా తేలిపోతుంది.

ఎన్ని రోజులకోసారి వేసుకోవచ్చు?

ఆరు నుంచి ఎనిమిది వారాలకు తక్కువ కాకుండా. అదీ మొదళ్లకు మాత్రమే, చివరలకు పాత రంగు ఉంటుంది. మధ్యలో శుభకార్యం వస్తే పైపూత పౌడరు సరిపోతుంది.

రంగు బాగానే ఉంది. ఇప్పుడు ఉంగరాలు పోయేలా స్ట్రెయిటెనింగ్ చేయిస్తామంటున్నారు.

వద్దనే చెబుతాను. జుట్టు సాపు చేసే కెరటిన్ మందులు కొన్ని వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ అనే వాయువును వదులుతాయి, అది మనుషుల్లో క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయినది. పార్లర్ అమ్మాయి రోజంతా ఆ గాలే పీలుస్తుంది పాపం. ఉంగరాలు ఎలాగూ కొన్నాళ్లకు వాటంతటవే సడలుతాయి.

మిగిలిన రంగు దాచుకోవచ్చా?

కలిపిన రంగు పారేయండి, అది మళ్లీ పనిచేయదు. కలపని ప్యాకెట్టును పిల్లల చేతికి అందనిచోట తాళం వేసి పెట్టండి. లోపలికి పోతే గొంతు వాచి, మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున ఎవరైనా మింగితే బాగున్నట్టు కనిపించినా ఆగకుండా 108కి చెప్పి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

రంగు వేసి ఏడాదైంది. ఇక మానేద్దామనుకుంటున్నాను. అడ్డుపట్టీలా కనిపించకుండా ఎలా?

రంగు లేని కొత్త జుట్టు రెండు మూడు అంగుళాలు పెరిగేదాకా ఆగి, రంగు ఉన్న చివరలను పొట్టిగా కత్తిరించుకోండి. కీమో తర్వాత పొట్టి జుట్టు మీకు కొత్త కాదు కాబట్టి ఇది మిగతావారికంటే సులువు. ఈలోపు గీత కనిపించకుండా ఒక ఛాయ లేత గోధుమ రంగు పైపూత వాడవచ్చు. పొడుగు తగ్గించడం ఇష్టం లేనివారు పాపిట మార్చి దువ్వుకుంటే గీత చెదిరిపోతుంది. కత్తిరించే ముందు పాయ విడదీసి మొదళ్లు చూడండి. ఈ ఏడాదిలో నలుపు తిరిగి వచ్చి ఉంటే, మీరు మానేయాల్సినంత తెలుపు అక్కడ ఉండకపోవచ్చు.